తొమ్మిదో అధ్యాయంలో పడవ

స్క్రిప్టు తొంభై రెండో పేజీలో హంతకుడు మారిపోయాడు.

రచయిత్రి ఆ పేజీ రెండుసార్లు చదివింది. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివింది. ఆ తర్వాత చెప్పులేసుకుంది.

ఆమె రాసిన సస్పెన్స్ నవలలు ఆరు అచ్చయ్యాయి. వాటిలో రెండు సినిమాలయ్యాయి. మొదటిదాంట్లో శవం ఇంటర్వెల్ తర్వాత లేచి కూర్చుంది. అడిగితే కవల అన్నయ్య అన్నారు. రెండోదాంట్లో హంతకుడెవరో పోస్టరు మీదే వేశారు, ఆ నటుడికి అభిమానులు ఎక్కువని. అందుకే మూడోది సినిమాకి ఇచ్చేటప్పుడు గట్టిగా రాయించుకుంది. స్క్రిప్టు మీద తన సంతకం లేనిదే షూటింగు ఉండదు. శనివారంలోగా సంతకం రాకపోతే నిర్మాత ఈ కథ వదిలేసి వేరే సినిమా మొదలుపెడతాడు.

స్క్రిప్ట్ రైటర్ గది రెండో అంతస్తులో ఉంది. తలుపు తీసే ఉంది. గోడంతా చీటీలు. వాటి ముందు ముప్పై ఏళ్లవాడొకడు నోట్లో పెన్సిల్ పెట్టుకుని నిలబడ్డాడు.

"మీరేనా?" అంది.

"దేనికండీ?"

"నా హంతకుణ్ణి చంపింది."

అతను పెన్సిల్ తీశాడు. "కూర్చోండి మేడమ్. కుర్చీలో కాగితాలున్నాయి, తీస్తాను."

"కూర్చోడానికి రాలేదు. నా నవల్లో పెద్దకోడల్ని చంపింది మరిది. మీ స్క్రిప్టులో తోడికోడలు చంపింది. ఏం, మరిది వేషానికి డేట్లు దొరకలేదా?"

"ఆయన పడవ నడపలేడండీ."

"ఎవరు, నటుడా?"

"మరిది."

అతను గోడ మీది చీటీలు ఒక్కొక్కటే చూపించాడు.

"ఐదో అధ్యాయంలో మరిది మెట్ల మీంచి పడ్డాడు. కుడిచేతికి పిండికట్టు వేశారు. పద్నాలుగో అధ్యాయంలో విప్పారు. మధ్యలో తొమ్మిదో అధ్యాయం. హంతకుడు ఎదురుగాలిలో, అరగంటసేపు తెడ్లు వేసుకుంటూ చెరువు దాటాడు. రెండు చేతుల్తో."

రచయిత్రి గోడ దగ్గరికెళ్లి ఆ చీటీలు తనే చదివింది.

ఐదు ముద్రణలు. పత్రికలవాళ్లు సమీక్షలు రాశారు. పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ చెరువులో అలాంటి చేపలుండవని ఒకాయన నాలుగు పేజీలు రాశాడు. చేయి సంగతి ఒక్కడు అడగలేదు.

"తోడికోడలేనని మీకెవరు చెప్పారు?"

"మీరే. రెండో అధ్యాయంలో ఆవిడ అరచేతులు కాయలు కాశాయని రాశారు. ఆ ఇంట్లో గ్లాసు కడగడానికి కూడా పనిమనిషి ఉంది. మరి ఆ కాయలెక్కడివి? రహస్యంగా పడవ నేర్చుకుంది. మీరు ముందు రాసింది ఆవిడనే. తర్వాత ఎవరో మార్పించారు."

మార్పించింది పబ్లిషర్. ఆడమనిషి హంతకురాలైతే ఆడవాళ్లు కొనరన్నాడు. ఆమె నాలుగు రోజుల్లో చివరి రెండు అధ్యాయాలు మార్చి ఇచ్చింది. పడవ సంగతి మరిచిపోయింది. ముగింపు మార్చానని ఇంట్లో తండ్రికి కూడా చెప్పలేదు.

కోపం రావాల్సింది తన మీద. ఎదురుగా ఉన్నది మాత్రం అతను.

"ఈ సినిమా వస్తే అందరూ నా పుస్తకం తీసి తప్పులు వెతుకుతారు. నేను సంతకం పెట్టను."

"ఎనిమిదేళ్లు సీరియళ్లకి రాశాను మేడమ్. ఇది నా మొదటి సినిమా."

"అయితే ఇంకో కథ చూసుకోండి."

"చూసుకోవచ్చు. కానీ మీ పుస్తకం పదకొండుసార్లు చదివాను. ఇప్పుడింకోటి చదవబుద్ధి కావడం లేదు."

ఆమె విసురుగా దిగి వచ్చేసింది. బయట వాన. ఆగితే అతను బతిమాలడానికి వెనకే వస్తాడేమోనని తడుస్తూనే నడిచింది. అతను రాలేదు. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

ఇంట్లో తండ్రి ముందుగదిలో బల్ల ముందు కూర్చుని గడియారం బాగుచేస్తున్నాడు. ఆయన పనే అది.

"మళ్లీ ఎవరితో పోట్లాడావు తల్లీ?" అన్నాడు తల ఎత్తకుండా.

"సినిమావాడితో. నా తప్పు పట్టుకున్నాడు."

"నిజంగా తప్పేనా?"

"తప్పే."

"మరి పోట్లాటెందుకు?"

"నాన్నా, నువ్వు నా వైపా, వాడి వైపా?"

"నన్నడగకు. నీ రెండు సినిమాలూ నాకు నచ్చాయి."

శుక్రవారం పొద్దున నిర్మాత ఫోన్ చేశాడు.

"మీ మాటే నెగ్గింది మేడమ్. హంతకుడు మరిదే. చేయి విరగడం తీసేశాం. కొత్త స్క్రిప్టు పంపించాను, సంతకం పెట్టెయ్యండి."

"ఆ రైటర్ ఒప్పుకున్నాడా?"

"తనే మార్చి తెచ్చాడు. కాకపోతే తన పేరు వెయ్యొద్దన్నాడు. మొదటి సినిమాకి పేరొద్దన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. తిక్కలోడు."

కొత్త స్క్రిప్టులో పిండికట్టు లేదు. అరచేతుల్లో కాయలు లేవు. తప్పు ఎక్కడా కనబడలేదు. ప్రాణమూ కనబడలేదు. రచయిత్రి దాన్ని తండ్రి బల్ల మీదికి గిరాటేసింది. గడియారంలోని స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది.

తండ్రి నేల మీద పాకుతూ వెతికాడు. "వెళ్లి అతన్నే తిట్టిరా. నా సామాను మీద పడకు."

శనివారం ఆమె వెళ్లేసరికి అతను గోడ మీది చీటీలు పీకుతున్నాడు.

"ఎవరు మార్చమన్నారు?" అంది.

"మీరే కదండీ."

"నేను తిట్టాను. మార్చమనలేదు. రెంటికీ తేడా తెలియదా?"

"మీ పేరు పోకూడదనుకున్నాను."

"అందుకని మీ పేరు తీసేసుకుంటారా? ఎవరడిగారు ఈ త్యాగం? సీరియళ్లు రాసి రాసి అదే అలవాటైనట్టుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె సంచిలోంచి మొదటి స్క్రిప్టు తీసింది. తొంభై రెండో పేజీలో ఒకటి, చివర ఒకటి సంతకాలు పెట్టి అతని చేతిలో పెట్టింది.

"పబ్లిషర్‌తో మాట్లాడాను. ఆరో ముద్రణలో నేను ముందు రాసిన ముగింపే వేస్తారు. తప్పు ఒప్పుకుంటూ మొదటి పేజీలో నాలుగు వాక్యాలు రాశాను. ఎవరు పట్టుకున్నారో కూడా రాశాను. ఆయన అరగంట అరిచాడు. అరవనిచ్చాను."

అతను కాగితాలున్న కుర్చీలోనే కూలబడ్డాడు.

"అలా చూస్తారేం? ఆ చీటీలు మళ్లీ అతికించండి."

"ఒక మాట అడగాలి," అన్నాడు. "భయంగా ఉంది."

"మళ్లీ హంతకుడు మారాడా?"

"లేదండీ. మీ ఆరు నవలలూ వెతికాను. ప్రేమలో పడ్డవాళ్లు ఒక్కరూ బతకలేదు. ఒకడు లిఫ్టులో పోయాడు, ఒకడు బావిలో. ఒక జంట టీ తాగి పోయింది."

"అయితే?"

"మిమ్మల్ని టీకి పిలుద్దామని."

ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని ఆపుకోలేకపోయినందుకు విసుగు కూడా వచ్చింది.

"మీకు చదవడం వచ్చనుకున్నాను. టీ తాగిన ఆ ఇద్దరూ పోయింది చివరి అధ్యాయంలో. అంతకుముందు మూడొందల పేజీలు హాయిగా బతికారు."

"మూడొందల పేజీలు ఏం సరిపోతాయండీ?"

"నాకూ సరిపోవు," అనేసింది రచయిత్రి.

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. కొట్టేద్దామంటే అది కాగితం మీద రాసిన మాట కాదు.