ఆరో తొట్టిలో విరిగే నురగ

జావోయువాన్ కొండల కింద ఓ బంగారు మిల్లు. అందులో ఆరో తొట్టికి చెడ్డపేరు. రెండేళ్ల కిందట లువాన్ బావ్‌గ్వీ అనే పనివాడు అందులో పడి చచ్చిపోయాడు. అప్పట్నుంచి రాత్రి షిఫ్ట్‌లో ఎవరూ ఒంటరిగా అటు పోరట.

మిగతా తొట్లలో ఇబ్బంది లేదు. పిండిచేసిన రాయి నురగమందు కలిపిన నీళ్లలో గిరగిరా తిరుగుతుంటే, బంగారం దాగిన గంధకపు రేణువులు బుడగల్ని పట్టుకుని పైకొస్తాయి. ఉత్త మట్టి అడుగునుంచి పోతుంది. ఆరో తొట్టిలో మాత్రం... రాత్రి రెండు దాటాక నురగ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. బంగారం కాస్తా మట్టితోపాటు చెత్తలోకి!

"వాడే మింగుతున్నాడు..." అని గుసగుసలు.

"వాడు మింగినా మీరు మింగినా నాకొకటే," అన్నాడు వెన్ మేస్త్రీ. "ఈ వారం బంగారం పెరగలేదో, షిఫ్ట్ మొత్తం ఇంటికే."

నురగ చూసుకునే పని చీ రుయ్‌ఫెన్‌ది. మందు మార్చింది, గాలి పెంచింది. ఊహూఁ. చివరికి ఓ రాత్రి దీపం ఆర్పేసి, మందు పీపాల వెనక నక్కి కూర్చుంది.

రెండు దాటింది... వెనక రేకు తలుపు కిర్రుమంది.

తెల్లటి ఆకారం. అడుగుల చప్పుడు లేదు. తొట్టి మీదికి వంగింది... ఏదో ఒంపింది.

నిండుగా పొంగుతున్న నురగ— చిల్లులు పడి, చప్పున కుంగిపోయింది.

రుయ్‌ఫెన్ పీపాల మీంచి తొంగిచూసింది. టార్చి వేసింది.

ముసలమ్మ! తలమీద తెల్లగుడ్డ. చేతిలో గిన్నె. అందులో పందిమాంసం పులుసు, పైన వేలెడు మందాన కొవ్వు. కొవ్వు పడితే ఏ బుడగ నిలుస్తుంది?

"అరవకే తల్లీ... బావ్‌గ్వీ వాళ్లమ్మని. వాడికి వేడి పులుసంటే ప్రాణం."

"ఇక్కడెందుకు పెద్దమ్మా? సమాధి దగ్గర పెట్టొచ్చుగా..."

"సమాధిలో వాడి బూట్లే ఉన్నాయమ్మా." ముసలమ్మ గొంతు ఇంకా తగ్గింది. "వాడు పడ్డాడని తెలిసినా, మర ఆపితే సరుకు పాడైపోతుందని... తెల్లారేదాకా తిప్పుతూనే ఉన్నారు."

మర ఆపితే తెల్లారేసరికి తన పని పోతుందని రుయ్‌ఫెన్‌కి తెలుసు. అయినా లేచి వెళ్లి మీట కిందికి లాగింది. లోపలి రెక్కలు గరగరమంటూ నెమ్మదించి... ఆగాయి.

ముసలమ్మ చతికిలబడి, తొట్టి అంచుని అరచేత్తో నిమిరింది.

"నిదానంగా తిను నాన్నా... ఇప్పుడు కళ్లు తిరగట్లేదుగా?"