చెరువు అడుగు మట్టి

ఝాన్సీ పరిగెడుతోంది.

మే నెల మిట్టమధ్యాహ్నం. కాలువలు కట్టేశారు. ఎండిన కాలువ నెర్రెల్లో చెప్పులు ఇరుక్కుంటున్నాయి. తీసి పారేసి పరిగెడుతోంది.

భుజాన సంచి. సంచిలో రేడియేషన్ మీటర్, చెరువు అడుగున తీసిన బురద సీసా.

నాలుగూళ్ళకి కుళాయి నీళ్ళిచ్చే చెరువు అది. మొన్న ఝాన్సీ తన ల్యాబ్‌లో పరీక్షించిన శాంపిల్‌లో సీసం తేలింది. ఇవాళ మీటర్ పెడితే... రేడియేషన్! చమురు బావుల పైపుల్లో గీకిన, రేడియం పేరుకున్న మడ్డిని డ్రమ్ములతో తెచ్చి పోశారు దుర్మార్గులు.

రేపు కాలువ వదులుతారు, చెరువు నింపేస్తారు. ఈ సాయంత్రంలోగా ఈ సీసా అమలాపురం కలెక్టరాఫీసుకి చేరాలి.

"మేడమ్ గారూ... ఆగండి, పడిపోతారండి."

వెనకాలే వస్తున్నాడు, ట్రాక్టర్ దుర్గాశ్రీనివాస్. ఆ డ్రమ్ములు తోలింది ఇతనేనని ఊరంతా అంటోంది. చేతిలో కత్తి!

ఆ మర్యాదకే ఝాన్సీకి ఒళ్ళు చల్లబడుతోంది.

గట్టెక్కింది. కొబ్బరితోట. కాలికి మట్ట తగిలి... బోర్లా పడింది.

కత్తి నీడ మీద పడింది.

"చంపకండి..."

"ఛ, అదేం మాటండీ." అప్పుడే చూసుకున్నట్టు కత్తి దూరంగా విసిరేశాడు. "కొబ్బరికాయల దింపు తీయిస్తుంటే మీరు చెరువులో మిషను పెట్టడం చూసేనండి. అలాగే వచ్చేసేను."

"డ్రమ్ములు తోలింది మీరే కదా?"

"నేనేనండి. రెండేళ్ళయింది. డ్రమ్ముల్లో ఉన్నది ఉత్త బురదనీళ్ళేనన్నారు కాంట్రాక్టర్ వెంకటరాజు గారు. పోలీసులకి పట్టించండి, వస్తాను. ముందు ఆ మిషను మా ఇంట్లో పెట్టి చూడండి."

"మీ ఇంట్లోనా?"

"పోయినేడు చెరువు తవ్వితే ఆ మట్టి తోలుకున్నానండి. పల్లపు స్థలం కదా... మెరక చేసి దానిమీదే ఇల్లేసుకున్నాను. మా పాప ఆ నేలమీదే పాకుతోందండి."

తోట చివరే ఇల్లు. గచ్చు ఇంకా చెయ్యలేదు. తొమ్మిది నెలల పిల్ల, నోట్లో వేలు, వేలి నిండా మట్టి.

ఝాన్సీ మీటర్ ఆన్ చేసింది.

టిక్... టిక్... టిక్ టిక్ టిక్ టిక్!

పిల్లను లాగి చంకనేసుకుని బయటికి ఉరికింది. వాకిలి దాటింది. సిమెంటు రోడ్డెక్కింది. ఆ నేల ఇప్పుడు యాభై అడుగుల దూరం.

"మిషను ఇంకా కొట్టుకుంటోందేంటండీ?" వెనక నుంచి తండ్రి.

ఝాన్సీ మీటర్‌ని పిల్ల పొట్టకి ఆనించింది.

చప్పుడు ఎక్కువైంది.