మిల్లు గేటు దగ్గర ఆగిన బండి

చీపురుపల్లి నుంచి రాజాం పోయే దారిలో, ఊరు దాటి కొంత దూరం వెళ్ళాక, మూతపడ్డ గోనెసంచుల మిల్లు ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని గేటు దగ్గర ఎవరూ ఆగరు.

ఆగరు అంటే... టైరు పంక్చరైనా ఆగరు. ఉత్త రిమ్ము మీద గడగడలాడించుకుంటూ పోయి, దీపాలున్న చోట దిగి, అప్పుడు చూసుకుంటారు టైరు సంగతి.

మిల్లు నడిచే రోజుల్లో బుల్లమ్మ అని ఒకావిడ రెండో షిఫ్టులో పని చేసేదట. మిల్లుకి తాళం పడ్డ రాత్రి, షిఫ్టు దిగినవాళ్ళని ఇళ్ళకి చేర్చే వ్యాను రాలేదు. అందరూ తిట్టుకుంటూ నడిచిపోయారు. బుల్లమ్మ మాత్రం — వస్తుంది, వస్తుంది అని గేటు దగ్గరే నిలబడిందట. వానలో. తెల్లారి చూస్తే చెప్పులున్నాయి. మనిషి లేదు.

అప్పట్నుంచీ చెయ్యెత్తి అడుగుతూనే ఉంది అంటారు. ఆపితే ఎక్కుతుంది. ఎక్కితే దిగదు. పైగా సొంత గొంతుతో పిలవదట — మన ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తుందట.

అందుకని ఆ దారిన పోయేవాళ్ళకి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. గేటు వస్తోందనగానే లైట్లు తగ్గించేస్తారు. అద్దాలు ఎత్తేస్తారు. బండిలో ఉన్నవాళ్ళంతా తలలు దించేస్తారు. తోలేవాడు సైతం స్టీరింగు మీదుగా ఒక కన్ను మాత్రం పైకి పెడతాడు. చదువుకున్నవాళ్ళూ అంతే. కాకపోతే, “మాకు నమ్మకం లేదు గాని...” అని ఒక మాట అని, ఆ తర్వాత దించుతారు.

ఝాన్సీకి ఆ మిల్లు గురించి దిగులు మొదలైంది కూతురు రాధికకి రాజాంలో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చిన రోజునే.

పిల్లకి ఆ పని ప్రాణం. కాని పొద్దు పోయాక వచ్చే బస్సు ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. రాని రోజున ఝాన్సీ వీధి గుమ్మంలో నిలబడి, కనపడ్డ ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తుంది. చివరికి ఒక రోజు తేల్చేసింది: ఈ నెలలో పిల్ల తోలుకోడానికి ఇంటికి బండి రావాలి, లేకపోతే పిల్ల ఉద్యోగం మానాలి. రాధిక ఆ రాత్రి అన్నం తినలేదు.

అక్కడికి బండి ఖాయమైంది. ఏ బండి అన్నది ఖాయం కాలేదు.

కరెంటుతో నడిచే పెద్ద బళ్ళు రెండు చూశారు. ఒకటి ముదురు నీలం, ఒకటి తెలుపు. ఝాన్సీ భర్త నరసింగరావుది ఎరువుల షాపు. అతనికి నీలంది నచ్చింది. ఝాన్సీ తమ్ముడు ధనరాజ్‌ది ట్రాక్టరు సామాన్ల షాపు. అతనికి తెల్లది నచ్చింది. షోరూముల వాళ్ళంతా ధనరాజ్‌కి తెలిసినవాళ్ళే. ఒక సాయంత్రం రెండు బళ్ళనీ తెచ్చి, పొద్దున్న పట్టుకెళ్తామని ఇంటి ముందు వదిలి వెళ్ళారు. రాధికకి చెప్పలేదు. వచ్చి చూసి సంబరపడుతుందని.

“ఒక్క సార్జింగుకి నీలంది ఎక్కువ దూరం ఎల్తాది,” అన్నాడు నరసింగరావు. “డిక్కీ సూడు. నాలుగు యూరియా బస్తాలు పడతాయి.”

“ఇంత కారు కొని యూరియా ఏస్తావేటి బావా? సిగ్గు నేదేటి?”

“నీ తెల్లదానికి నెత్తి మీద ఆ సిల్లేటిరా? దానికి మళ్ళీ వేరే డబ్బులట. మా పాత పెంకుటింటికి ఊరికే ఉండేవి.”

“సిల్లు కాదు, సన్‌రూఫు! అది కాదు బావా, దీనికి సుట్టూ కెమేరాలే. పక్కన మనిషుంటే తెర మీద బొమ్మేసి సూపిస్తాది. మనిషి అడ్డొస్తే దాని మట్టుకి అదే బ్రేకేసేస్తాది.”

“మరి నువ్వేటి సేస్తావు? కూకుని పల్లీలు తింతావా?”

బ్యాటరీకి ఎన్నేళ్ళ గ్యారంటీ, ఇంట్లో ప్లగ్గుకి పెడితే ఎంతసేపు, గోతుల్లో అడుగు తగులుతుందా లేదా — టీలు రెండు సార్లు చల్లారిపోయాయి.

ఝాన్సీ అంతా విని ఒకే మాట అడిగింది.

“ఏది నా పిల్లని ఇంటికి తెస్తాది?”

“రెండూ తెస్తాయి అక్కా.”

“అయితే పిల్ల వొచ్చే దారిలో తోలి సూపించు. ఇప్పుడు.”

“ఇప్పుడా?” నరసింగరావు గుమ్మం బయటికి చూశాడు. బయట చీకటి. మంచు కూడా దిగుతోంది. “మిల్లు మీదుగానా?”

“అది రోజూ వస్తన్నాది కదా.”

ధనరాజ్ లేచి తాళాలు అందుకున్నాడు.

ముందు నీలంది. మెత్తగా పోయింది. మిల్లు కాంపౌండు గోడ మొదలవగానే ధనరాజ్ లైట్లు తగ్గించాడు. అద్దాలు లేచాయి. ముగ్గురి తలలూ దిగాయి. తెర మీద రోడ్డు గీత ఒక్కటే మెరుస్తోంది. ఏమీ కాలేదు. పెట్రోలు బంకు దగ్గర తిప్పుకుని అదే దారిన వచ్చేశారు. అప్పుడూ ఏమీ కాలేదు.

“సూసావా? బంగారం లాటి బండి,” అన్నాడు నరసింగరావు. తన షాపు గోడౌనులో దాన్ని ఛార్జింగుకి పెట్టించి, తెల్లదాంట్లో వెనక కూర్చున్నాడు. ఝాన్సీ ముందు సీట్లో కూర్చుంది.

ఆ తెల్లదాని తెర పెద్దది. ఊళ్ళో పోతున్నంతసేపూ నిజంగానే బొమ్మలు వేసింది — సైకిలు మీద ఒకడు, కిళ్ళీ కొట్టు ముందు ఇద్దరు, ఒక ఆవు. ఆవుని కూడా గుర్తుపట్టిందని ధనరాజ్ పొంగిపోయాడు.

ఊరు దాటింది. బొమ్మలు పోయాయి. తెర ఖాళీ.

గోడ మొదలైంది. లైట్లు తగ్గాయి. బండికి శబ్దం లేదు... మంచులోకి జారుతున్నట్టు పోతోంది. ఝాన్సీ తల దించింది. దించితే ఆ తెర సరిగ్గా కళ్ళ ముందుకి వచ్చింది.

తెర మీద, ఎడం పక్క — ఒక మనిషి బొమ్మ.

ఆమె తల ఎత్తలేదు. కళ్ళు మాత్రం అద్దం వైపు తిప్పింది. చీకటి. మంచు. అంతే.

మళ్ళీ తెర చూసింది. బొమ్మ ఉంది. బూడిదరంగుది. ముఖం లేదు.

“ధనా...”

“సూసేను. సూడకు అక్కా.”

బొమ్మ కదిలింది. రోడ్డు మీదకి వచ్చింది.

బండి గట్టిగా ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. ధనరాజ్ బ్రేకు తొక్కలేదు. కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని ఉన్నాడు. ఇంజను చప్పుడు లేదు కాబట్టి, బండి బతికుందో లేదో కూడా తెలియలేదు. తల స్టీరింగు కిందకి దూర్చేశాడు. వెనక నరసింగరావు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఆంజనేయస్వామిని పిలుస్తున్నాడు — గొంతు బయటికి రావడం లేదు, ఊపిరే వస్తోంది.

తెర మీద బొమ్మ పక్కకి వచ్చింది. దగ్గరికి. ఇంకా దగ్గరికి. తెర మీదున్న బండి బొమ్మకి ఆనుకుని ఆగింది.

తక్... తక్...

ఎడం పక్క వెనక తలుపు.

అద్దం అవతల గొంతు. బిగించిన అద్దంలోంచి సన్నగా — “అండీ... కొంచెం... దూరం దింపండి...”

ఝాన్సీ చెవులు మూసుకోబోయింది. గొంతు భయంగా ఉండి కాదు. తెలిసిన గొంతులా ఉండి.

ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలక్కూడదు. తల ఎత్తకూడదు. ఆమె పళ్ళ బిగువున చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

“పోనీరా,” అని వెనకనుంచి నరసింగరావు గుసగుస. “పోనీ, పోనీ, పోనీ...”

ధనరాజ్ కాలు దించి తొక్కేశాడు. బండి ఒక్క ఉరుకు ఉరికింది. తెర మీద బొమ్మ చిన్నదై... చిన్నదై... పోయింది.

చాలా దూరం పోయాక గాని ఎవరూ తల ఎత్తలేదు.

మళ్ళీ ఆ దారిన రావడానికి ముగ్గురిలో ఎవరికీ గుండె లేదు. పల్లెల మీదుగా చుట్టు తిరిగి బయలుదేరారు. ఛార్జింగు సరిపోతుందా లేదా అన్న పరీక్ష కూడా ఆ వంకన జరిగిపోయింది. సరిపోయింది.

“నీలందే తీసుకుందాం బావా,” అన్నాడు ధనరాజ్.

“ఇందాకటిదాకా తెల్లదే అన్నావు కదరా.”

“దీనికి కనపడతన్నాది బావా! అలాటి బండి మనకెందుకు? రోజూ పిల్ల ఒక్కర్తీ రావాల.”

“మరి నీలందానికి?”

“దానికి కళ్ళు నేవు. హాయిగా ఉన్నాది.”

నరసింగరావుకి ఆ మాట నచ్చింది. ఖరీదు కూడా తక్కువేనన్నాడు.

ఝాన్సీకి మాత్రం మనసు ఒప్పలేదు. కళ్ళు లేని బండిలో వస్తే గేటు దగ్గర బుల్లమ్మ లేకుండా పోతుందా? పిల్లకి తెలియకుండా పోతుంది, అంతే. ఏది మేలు? ఆ గొంతు ఇంకా చెవిలోంచి పోలేదు. ఇంటికెళ్ళగానే తొమ్మిది గంటల బస్సుకి ఎదురెళ్ళాలి అనుకుంది. నడిచైనా సరే.

వీధి మొగలో ఆమె దిగిపోయింది. బండి తిప్పుకు రావడానికి మగాళ్ళు ముందుకి పోయారు.

ఇంటి అరుగు మీద రాధిక కూర్చుని ఉంది.

ల్యాబు తెల్లకోటు విప్పలేదు. మంచుకి చున్నీ తల చుట్టూ కప్పుకుని, మోకాళ్ళు కావలించుకుని ఉంది. తల్లిని చూసి ఒక్క ఉరుకున వచ్చి పట్టుకుంది. చేతులు మంచుముద్దలు.

“ఏటే? ఎప్పుడొచ్చావు? బస్సు తొమ్మిదింటికి కదా?”

“తొందరగా వదిలీసేరమ్మా, ఆటో ఎక్కేసేను. ఆటో పాడైపోయింది. ఆడు నన్ను దింపీసి, దాన్ని తోసుకుంటూ ఎనక్కి పోయేడు...”

“ఎక్కడ?”

“మిల్లు గేటు కాడ.”

ఝాన్సీ ఆ చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ఫోనుకి సిగ్నలు నేదు. ఎంతమందికి సెయ్యెత్తేనో అమ్మా. ఒక్కడాపలేదు. నన్ను సూసి లైట్లు తీసేసి మరీ పోతన్నారు. ఆఖరికి ఒడిశా లారీవోడు ఒకడు ఆపేడు. పాపం, ఆడికి మన మిల్లు సంగతి తెల్దు కదా.” రాధిక గొంతు తగ్గించింది. “అమ్మా, ఒకటి సెప్తాను, నవ్వకు. దెయ్యం ఉన్నాది. నేను సూసేను.”

“ఏటి సూసేవు?”

“బండి. సప్పుడు నేదు. లైట్లు నేవు. మంచులోంచి వొచ్చి నా ముందర ఆగింది. హమ్మయ్య, ఎటు పోయినా దీపాలున్న కాడ దిగిపోవచ్చు అనుకుని తలుపు తట్టేను. లోపల సన్నగా దీపం ఎలుగు... ముగ్గురున్నారమ్మా. ముందర ఇద్దరు, ఎనకాల ఒకడు. ముందర సీట్లో సీర కట్టుకున్న ఆడమనిషి.” పిల్ల చున్నీ ఇంకా దగ్గరికి లాక్కుంది. “ముగ్గురిలో ఒక్కరికీ తలకాయ నేదు.”

ఝాన్సీ తన చీర చెంగు చూసుకుంది; పంటిగాట్లు ఇంకా పోలేదు.

అప్పుడే ఇంటి గేటులోంచి తెల్లది లోపలికి వచ్చింది. చప్పుడు లేకుండా. మంచులోంచి జారినట్టు వచ్చి, అరుగు ముందు ఆగింది.

“అమ్మా!” రాధిక తల్లి వీపు వెనక్కి దూరిపోయింది. “అదే... అదే బండి... ఇంటికొచ్చీసింది!”

ఝాన్సీ వెనక్కి చెయ్యి చాపి కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

“అది ఆగిందే,” అంది. “మేవే పోనిచ్చేం.”