సందులో పడుగు కదిలింది

"పట్టుచీర ఎలా ఉంది?" అడిగింది ఫోన్‌లో గొంతు.

"మడత నలగలేదు సార్," అంది మంజు, పాలు పొంగకుండా గిన్నె మీద గరిట అడ్డం పెడుతూ.

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ నరసింహ బట్టల సంగతి వదిలి అసలు సంగతికి వచ్చాడు.

"నీ వెనక సందు కెమెరా నిన్న ఒక్కరోజే రెండువందల పదకొండు మోషన్ అలర్ట్‌లు పంపింది. ఒక్కటీ నిజం కాదు. కంట్రోల్ రూమ్ వాళ్ళు విసిగిపోయి ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకున్నారు. రేపు ఆ షూటర్ నిజంగా వస్తే అది రెండువందల పన్నెండోది అవుతుంది. ఎవరూ చూడరు. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు పట్టుచీరను తీసుకుపోయే కారు వస్తుంది. ఆలోగా అలర్ట్‌లు పదికి దించు."

ఆ రోజు సోమవారం.

పట్టుచీర అంటే హుస్నా. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కరీం సాబ్ కూతురు, ఇరవై ఆరేళ్ళ పిల్ల. పత్తి శాంపిళ్ళ ఫోటోలలో సరిహద్దు రాడార్ మ్యాపులు దాచి విదేశానికి పంపుతున్న ముఠా కోడ్‌ను విప్పింది ఆమే. దాన్ని కోర్టులో విడమరిచి చెప్పగలిగినదీ ఆమె ఒక్కతే. చెప్పగలిగిన మరో ఇద్దరిని ముఠా షూటర్ బళ్ళారిలో కాల్చేశాడు. అందుకే ఎమ్మిగనూరు నేతవీధిలో మంజు అద్దెకున్న ఇంటి వెనక గదిలో హుస్నాను దాచారు. వీధిలో అడిగినవాళ్ళకు కుట్టుపని నేర్చుకోవడానికొచ్చిన పిల్ల అని చెప్పారు.

ఆ ఇంట్లో ఇంకొకడున్నాడు, ప్రదీప్. మంజు భర్త. ఆరేళ్ళ కింద డిపార్ట్‌మెంట్ ఆమెకు ఒక పిస్టల్, ఒక దొంగ ఆధార్ కార్డు, ఒక మొగుడు, మూడూ ఒకే రోజు ఇష్యూ చేసింది. పిస్టల్ మూడుసార్లు మొరాయించింది. మొగుడు మాత్రం మొరాయించలేదు. బనియన్ మీద నిలబడ్డా క్యాలెండర్ బొమ్మలా ఉండేవాడు. జ్వరమొస్తే కాళ్ళు పట్టేవాడు. ఇదంతా డ్యూటీయేనని మంజు రెండేళ్ళు నమ్మింది. తర్వాత నాలుగేళ్ళు ఆ మాట మరిచిపోయింది.

మంజు నిచ్చెన వేసుకుని పనిలోకి దిగింది. మొదట లెన్స్ మీద అల్లుకున్న సాలెగూడు దులిపింది. దండెం మీద తన చీరలే గాలికి ఊగి నలభై అలర్ట్‌లు ఇస్తున్నాయని తేలింది. దేశభద్రత కోసం దండెం మేడ మీదికి మార్చింది. ఎండా నీడా మారినప్పుడల్లా బెదిరిపోకుండా సెన్సిటివిటీ తగ్గించింది. రోడ్డు మీది ఆటోలు కనపడకుండా కెమెరా మెడ కిందికి వంచింది. ఇప్పుడు ఫ్రేములో పడేవి సందూ, వెనక తలుపూ మాత్రమే. మనుషులను మాత్రమే పట్టే ఆప్షన్ కూడా ఉంది కానీ, పాక్కుంటూ వచ్చేవాణ్ణి అది కుక్క అనుకుంటుందని డిపార్ట్‌మెంట్ ఒప్పుకోలేదు. తెలిసిన ముఖాల లిస్టులో నలుగురిని చేర్చింది. తను, ప్రదీప్, పక్కింటి నేతగాడు శేషన్న, అతని భార్య సుభద్రమ్మ. తెలిసిన ముఖం ఫ్రేములో ఉంటే, వెంట వచ్చినవాళ్ళు కూడా చుట్టాలేనని కెమెరా ఊరుకుంటుంది.

బుధవారం పొద్దుటికి అలర్ట్‌లు పదకొండు అయ్యాయి. ఆ పదకొండూ పడుగువే.

ఆ సందులో రోజూ పొద్దున శేషన్న పడుగు పరుస్తాడు. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా వేల దారాలు బారుగా కట్టి, గంజి పట్టించి, ఇద్దరేసి మనుషులు కుంచెలతో దువ్వుతారు. పరిచిన పడుగును ఆ వీధిలో ఎవరూ దాటరు. అవతలికి పోవాలంటే చివరిదాకా నడిచి చుట్టు తిరిగి రావాల్సిందే. పసిపిల్లలకు కూడా తెలుసు.

"సందు మొత్తం కెమెరా లెక్కలోకి రాకుండా మాస్క్ చేసేయ్ మంజూ," అన్నాడు ప్రదీప్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "పడుగు గోల వదుల్తాది."

మంచి సలహాయే. మంజు వేలు బటన్ దాకా వెళ్ళింది. అయితే చూడకుండా ఏ క్లిప్పూ చెరపడం ఆమెకు చేతకాదు. ప్రదీప్ బయటికి పోయాక పదకొండూ వరసగా చూసింది.

ఏడోది మంగళవారం పొద్దున ఏడూ యాభై రెండుది. గాలి లేదు. గోడ మీది గుడ్డపేలిక కూడా కదలడం లేదు. పడుగు మాత్రం వణికింది. ఫ్రేము పై అంచున మోకాళ్ళ దాకా రెండు కాళ్ళు, బూడిదరంగు బూట్లు. ఆ బూట్లు పడుగు మీదుగా ఇవతలికి దాటాయి. వెనకే ప్రదీప్ వచ్చాడు. అతను దాటలేదు. వంగి దారాలను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని, చుట్టు తిరిగి పోయాడు.

మంగళవారం ఫస్ట్ బస్సుకే ఆదోని పోయినానని చెప్పిన మనిషి.

మంజు క్లిప్పును చీఫ్‌కు పంపి, మజ్జిగ చెంబు తీసుకుని పక్కింటికి వెళ్ళింది. ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ, నిన్న పడుగు దాటిన పెద్దమనిషి ఎవరని అడిగింది.

"మీ ఆయప్ప స్నేహితుడంటమ్మా," అన్నాడు శేషన్న. "బూట్లతోనే దాటినాడు, బుద్ధి లేనోడు. నేను తిట్టబోతే మీ ఆయప్ప అడ్డం వచ్చి వాని బదులు తాను దండం పెట్టుకున్నాడు. ఇట్లాంటోడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా."

ఆ మాటకు మంజు నవ్వింది. ఆమె కెరీర్‌లో అంత కష్టమైన మారువేషం ఇంకోటి లేదు.

ఇంటికొచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. నడకను బట్టి మనిషిని పోల్చే సాఫ్ట్‌వేర్ తేల్చేసింది. బళ్ళారి షూటర్ అతనే. కింద చీఫ్ ఇంకో లైను రాశాడు. ఇద్దరు మనుషులను పంపుతున్నాను, ప్రదీప్ విషయం నీకు వదిలేస్తున్నాను.

రాత్రి అన్నంలోకి చారు కాచింది. సందు మాస్క్ చేసినావా అని ప్రదీప్ అడిగాడు. చేసినానంది. అతను రెండుసార్లు చారు పోయించుకుని తిన్నాడు. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు, మంజు ఫోన్ తీసి తెలిసిన ముఖాల లిస్టులో అతని ఫోటో నొక్కింది. ఈ ముఖాన్ని తొలగించాలా అని అడిగింది యాప్. ఫోటోలో అతను నవ్వుతున్నాడు. అది తీసింది ఆమే, ఉరుకుంద తిరునాళ్ళలో.

అవునని నొక్కింది.

గురువారం పొద్దున సందులో ఎప్పటిలాగే పడుగు పరిచారు. సుభద్రమ్మ పాత చీర కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని హుస్నా కూడా కుంచె పట్టింది. పని నేర్చుకుంటానంటే సుభద్రమ్మ మురిసిపోయింది. కొత్తగా వచ్చిన కూలీలిద్దరిని చూసి శేషన్న మాత్రం పొద్దుటినుంచీ గొణుగుతున్నాడు. కుంచె పట్టడం కూడా రాదు, యాడ దొరికినారప్పా వీళ్ళు అని. వాళ్ళు తుపాకీ పట్టడంలో మెడల్స్ తెచ్చుకున్నవాళ్ళని అతనికి తెలీదు.

తొమ్మిదీ ఇరవై ఏడుకు మంజు బొడ్డులో దోపుకున్న ఫోన్ వణికింది. *వెనక తలుపు దగ్గర అపరిచిత వ్యక్తి.* కింద ప్రదీప్ ఫోటో. అతని భుజం వెనక ఇంకో మనిషి.

తాళం తిరిగింది. వెనక గదిలో మంచం మీద కూర్చుని మంజు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒడిలో చాటకింద పిస్టల్ ఉంది.

"ఆ పిల్ల యాడ?" అన్నాడు ప్రదీప్.

"ఎప్పటినుంచి?"

"నిన్ను చేసుకోకముందు నుంచి."

బూడిద బూట్లవాడికి సంసారపు మాటలు వినే ఓపిక లేదు. కిటికీలోంచి సందు చూశాడు. కుంచెల వరసలో ఒక అమ్మాయి తలగుడ్డ జారింది. వాడు తలుపు తోసుకుని పరుగెత్తి, పిస్టల్ లాగి, అడ్డంగా ఉన్న పడుగు మీదికి ఎగిరాడు. వేల దారాలు, గంజితో తడిసి జిడ్డుగా. బూటు మడమ తగులుకుంది. వాడు దారాలతో సహా బోర్లా పడ్డాడు. పిస్టల్ పేలి గుండు గంజి బానకు తగిలింది. కుంచె పట్టడం రాని కూలీలిద్దరూ వాడి మీద పడ్డారు. తొమ్మిదీ ఇరవై తొమ్మిది.

ప్రదీప్ పారిపోలేదు. తెగిన పడుగు దగ్గర గొంతుక్కూర్చుని, శేషన్నతో పాటు దారాలు ఏరి చేతికి అందిస్తున్నాడు. మంజు వచ్చి పక్కన నిలబడింది.

"నిన్న చారులో ఉప్పు లేదు," అన్నాడు తల ఎత్తకుండా. "ఆరేళ్ళలో ఎప్పుడూ మర్చిపోలేదు నువ్వు. అప్పుడే తెలిసింది, నీకు తెలిసిపోయిందని."

"తెలిసి ఎందుకొచ్చినావు?"

"పోయేదానికి నాకు ఇంకో ఇల్లు యాడుంది మంజూ."

గంజి అంటిన ఆ చేతులకే బేడీలు వేశారు. హుస్నా కోసం వచ్చిన కారులో ప్రదీప్‌ను ఎక్కించారు. కారు నంబరు ముఠాకు తెలుసు కాబట్టి పట్టుచీరను ఇంకో దారిన పంపాలి. మంజు ఆ పిల్లను తీసుకుని బస్టాండుకు నడిచి ఆదోని బస్సెక్కింది. అక్కడ రైల్వేస్టేషన్‌లో నరసింహ మనుషులు ఉంటారు.

బస్సు ఊరు దాటాక హుస్నా మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏడుస్తాండావా అక్కా?"

"లేదమ్మా. కిటికీ దుమ్ము," అంది మంజు. కిటికీ అద్దం మూసే ఉంది.

కండక్టర్ వచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కార్డు చూపిస్తే చాలు. మంజు తన ఆధార్ అందించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, ముచ్చటగా భర్త పేరు పైకి చదివి, జీరో టికెట్ చింపి ఇచ్చాడు.

ఆ కార్డులో పేరు దొంగది. పుట్టిన తేదీ దొంగది. ఇంటి నంబరు అసలు లేనే లేదు. నిజమైన ముక్క ఒకటే ఉంది, ప్రదీప్ భార్య అని. దాన్ని కూడా డిపార్ట్‌మెంట్ అబద్ధమనుకునే అచ్చు వేయించింది.