రెండు గంటల చీకటి

రాజలింగం పోయిన రోజు కూడా మామూలుగానే తెల్లవారింది. శంకరవ్వ వాకిట్లో సానుపు చల్లింది. గంగయ్య పంతులు బడికి పోవడానికి ధోవతి కట్టుకుంటున్నాడు. నాలుగు రోజులుగా జ్వరంతో పడుకున్న కొడుకు మంచినీళ్లు అడిగి, అవి అందేలోపే కన్నుమూశాడు. వాడికి ఇరవై రెండేళ్లు.

పెద్దపల్లిలో వాహెద్ ఫొటో దుకాణంలో రాజలింగం పని. వాహెద్ ఇచ్చిన పాత కెమెరాతో రాత్రి ఆకాశంలో చుక్కల నడకను తీయాలని వాడి పట్టుదల. ఎట్లా తీయాలో అరవై మూడో సంవత్సరం క్యాలెండర్ వెనక రాసుకున్నాడు: "అమావాస్య. ఉత్తరం దిక్కు. దూరం ఆఖరి గుర్తు. అంకె 5.6. మీట 'బి' మీద. రెండు గంటలు మూయొద్దు. వెలుతురు పనికిరాదు."

తొమ్మిదో రోజు, రీలు కడిగిద్దామని గంగయ్య కెమెరా కోసం వెతికాడు. అది వాకిట్లో తెరిచి ఉంది. శంకరవ్వ రీలును ఎండకు పట్టి చూస్తోంది.

"ఏం జేసినవే! ఎండ తాకితే అంత ఖరాబైతది. రెండు అమాసలు వాడు తీసిన చుక్కలు పాయె!"

"నాకెర్కనా? రేపు పదో దినం. పిల్లగాని ఫొటో పెట్టి దండెయ్యాలె గదా. అండ్ల ఉంటదేమోనని తీసిన."

"అండ్ల వాడెట్లుంటడు? తీసేటోడు వాడే గదా!"

"మరి ఇంట్ల ఏడున్నది? చూపియ్యి."

గంగయ్య గోడవైపు చూశాడు. బడి పిల్లల నడుమ కుర్చీలో తను. శాలువాతో తను. పొయ్యి ముందు శంకరవ్వ. అన్నీ కొడుకు తీసినవే.

"నా కొడుకు ఆఖరి పని నాశనం జేసినవ్," అన్నాడు.

"నేనొక్కదాన్నేనా? మొన్నటి అమాస నాడు కందిలి పట్కొని వాని మీదికి పోయిందెవలు? చీకట్ల రీలు తగలేస్తున్నవని ఒర్రిందెవలు? గా వెలుగుకే అప్పటి ఫొటో చెడిపాయె. 'ఇంకో అమాసకు తీస్త తియ్ బాపూ' అన్నడు. తెల్లారి జ్వరమొచ్చె."

కొడుకు ఫొటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని గంగయ్య వాహెద్ దుకాణానికి నడిచాడు. వాహెద్ డబ్బాలన్నీ వెతికి తల దించుకున్నాడు.

"ఊరందరి ఫొటోలు కడిగినం సారూ. వానిది నా దగ్గర గూడ లేదు."

ఒక కొత్త రీలు మాత్రం చేతిలో పెట్టి పంపాడు.

తర్వాతి అమావాస్యకు గంగయ్య క్యాలెండర్ కాగితం పక్కన పెట్టుకుని వాకిట్లో కెమెరాను ఉత్తరానికి తిప్పాడు. లోపల, ఫొటో కోసం గోడకు కొట్టిన ఉత్త మేకు కింద, కొడుకు పేరుమీద శంకరవ్వ రోజూ పెట్టే దీపం వెలుగుతోంది. ఆర్పమని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమే లేచి వెళ్లి, వత్తిని వేళ్లతో నలిపి వచ్చి పక్కన కూర్చుంది.

"మనం కదలొద్దా?" అంది మెల్లగా.

"మనం కదిలితే ఏం గాదు. చుక్కలే కదలాలె."

చీకట్లో ఆమె చెయ్యి ఆయన చేతిని వెతుక్కుంది. రెండు గంటలు ఇద్దరూ అట్లాగే ఏడ్చారు.

ఫొటో బాగా వచ్చిందని వాహెద్ అన్నాడు. నల్లటి ఆకాశంలో తెల్లని వంపు గీతలు. దాన్ని ఆ మేకుకు తగిలించారు.

రాజలింగం ఫొటో ఎవరూ తీయలేదు.