కర్తతాళం

రెండువేల డెబ్బై తొమ్మిదిలో బస్సులో కూర్చుని ఒక పాట వినాలన్నా చెవిలోని యంత్రం ముందుగా అడిగేది ఒక్కటే: ఇది ఎవరిది? నకళ్ళకు నకళ్ళు పుట్టి, ఒక్కో పాటకు పదిమంది సొంతదారులు తేలారు. సొమ్మొకడిది, సోకొకడిది. కోర్టులు చేతులెత్తేశాయి.

విశాఖలోని డిజిటల్ హక్కుల పరిశోధనశాలలో అలివేణి కర్తతాళం అనే యంత్రాన్ని తయారుచేసింది ఆ తగువు తీర్చడానికే. గాజుపలక మీద అరచెయ్యి పెట్టి "ఇది నేను చేసింది" అనాలి. నాడినీ మెదడు తరంగాలనూ చదివి, అది నిజమో అబద్ధమో యంత్రం చెబుతుంది. నిజమైతే ఆ పాటో, ప్రోగ్రామో ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పే హక్కు శాశ్వతంగా వాళ్ళదే. దొంగ సంతకం పెట్టొచ్చు గాని మనసును మోసం చెయ్యలేరని ఆమె నమ్మకం.

ఆమె కడుపుమంట వేరే ఉంది. తుఫాను దారిని పదిరోజుల ముందే చెప్పే ప్రోగ్రామ్‌ను పన్నెండేళ్ళు కూర్చుని రాసింది ఆమె. లోకానికి తెలిసింది డైరెక్టర్ కోదండపాణిగారి పేరు. అక్కడ ఏ కాగితం బయటికి వెళ్ళినా పెద్దాయన పేరు ముందుండటం ఆనవాయితీ. పోనుపోను రెండో పేరు రాలిపోయింది. అందుకే ప్రారంభోత్సవం నాడు మొదటి పరీక్షకు ఆ ప్రోగ్రామ్‌నే ఎంచింది. ఆయన నలుగురిలో దొరికిపోతారని జాలేసింది, అయినా ఆగదలచుకోలేదు.

కోదండపాణి నింపాదిగా చెయ్యి పెట్టారు. "ఇది నేను చేసింది."

"నిజం," అంది యంత్రం.

సభ చప్పట్లు కొట్టింది. ఎక్కడో తేడా వచ్చిందంటూ అలివేణి వేదికెక్కి, తనూ చెయ్యి పెట్టి అదే మాట అంది.

"అబద్ధం."

ఎడమచేత్తో తీగలు తడిమి చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. యంత్రం చదువుతున్నది జరిగినదాన్ని కాదు, మనిషి నమ్మినదాన్ని. సభల్లో చెప్పీ చెప్పీ ఆయన నమ్మేశారు. మరి తను? ఆ మాటలకు తలూపీ తలూపీ, లోలోపల తనూ నమ్మేసిందా?

కోదండపాణి ఆమె భుజం తట్టారు. "కంగారుపడకమ్మా. బ్రహ్మాండమైన తాళం చేశావు. ఇది మాత్రం అచ్చంగా నీదే."

అవునంటే చాలు, ఇదైనా దక్కుతుంది. అరచెయ్యి ఇంకా గాజు మీదే ఉంది. కాని పన్నెండేళ్ళ అలవాటు ముందే నోరు తెరిచింది.

"అంతా మీ చలవేనండీ."

"నిజం," అంది యంత్రం.