ఎండుకోన అడుగున

రాగిరేకు మీది మట్టిని కాత్యాయని రుమాలుతో గట్టిగా తుడిచింది. చిలుం కింద నుంచి కొండ బొమ్మ బయటపడింది. కొండ కడుపులో ఒక పెట్టె, పెట్టె పక్కన మూడు వంకర గీతలు.

"బంగారం!" అన్నాడు ఓబులేసు.

"నీళ్ళు," అంది కాత్యాయని.

ఓబులేసు, అతని తమ్ముడు మద్దిలేటి గుప్తనిధుల కోసం నల్లమలలో తవ్వుతూ, ఈ రేకుతో సహా ఆ ఉదయమే ఆమెకు పట్టుబడ్డారు. అభయారణ్యానికి కొత్త హద్దులు గీస్తున్న అటవీ అధికారి ఆమె. రెండు పెద్ద అడవుల మధ్య ఉన్న ఎండుకోనను ఆ హద్దులోకి తేవాలని ఏడాదిగా పోరాడుతోంది. పులి ఈ అడవి నుంచి ఆ అడవికి వెళ్ళాలంటే అదొక్కటే దారి. "వేసవిలో చుక్క నీరుండదు, ఏ జంతువూ రాదు, వదిలెయ్యండి" అంటారు పైవాళ్ళు. వదిలేస్తే తవ్వుకోవడానికి రాళ్ళ క్వారీ వాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆఖరి సమావేశం మర్నాడే.

"మీరు కనిపెట్టిన గుహ నోరు చూపించు," అంది ఓబులేసుతో. "కేసు ఎలాగూ తప్పదు. దారి చూపావని మాత్రం రాస్తాను."

ఎండ మండుతుండగా నలుగురూ ఎండుకోనను ఆనుకున్న కొండెక్కారు. నాలుగో మనిషి ఈదమ్మ. చెంచుగూడెం మనిషి, అడవి కాపలాలో కాత్యాయనికి ఏళ్ళ తరబడి తోడు. కొండనెత్తిన బండను గడ్డపారలతో జరపగానే నల్లటి బిలం నోరు తెరిచింది.

ఈదమ్మ మొహం లోపలికి పెట్టింది. "సల్లగాలి మేడం! అడుగున నీళ్ళుండాయి."

మద్దిలేటి తాడు విప్పుతుంటే ఆమె కాత్యాయని చెయ్యి పట్టుకుంది. "నా తమ్ముడు రేపొస్తాడు, అంతవరకూ ఆగండి. మా ఆయన తేనెకు దిగితే తాడు పట్టేది నా తమ్ముడే. ఆయన తమ్ముణ్ని దగ్గరికే రానియ్యం."

"ఏం, వానికి బలం ల్యాదా?" ఓబులేసు నవ్వాడు.

"బలం కాదు సామీ. అక్క తాళి తెగుతాదని నా తమ్మునికి బయం. అన్న పడిపోతే తమ్మునికేం పాయె? వాటా పెరుగుతాది."

"మాది ఒకే రక్తం. నోర్మూసుకో!"

"రేపే సమావేశం ఈదమ్మా, ఆగలేను," అంది కాత్యాయని.

"అట్లయితే నేనూ దిగుతా. ఈ సచ్చినోళ్ళతో మిమ్మల్నొక్కర్నే పంపుతానా?"

మద్దిలేటి పైన తాడు పట్టుకుంటే, మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు దిగారు. గబ్బిలాలు మొహాలను రాసుకుంటూ లేచాయి. కాళ్ళకు ఇసుక తగిలేసరికి కాత్యాయని టార్చి తిప్పింది. వెలుగు వెళ్ళినంత మేరా నీళ్ళు! నడివేసవిలో, ఎండుకోన కింద, గాజులా కదలని మడుగు. గబగబా ఫొటోలు తీసింది.

"దొరికినాయి!" అవతల ఓబులేసు కేక పెట్టాడు. బండ వెనుక మూడు పెట్టెలు. ఒకదాని మూత పగలగొడితే పచ్చగా మెరిసింది. "ముట్టుకోకు!" అని కాత్యాయని అరిచేలోపే దాన్ని తాడుకు కట్టాడు. "లాగరా మద్దిలేటీ!"

పెట్టె గిరగిరా తిరుగుతూ పైకి పోయింది. కాసేపటికి తాడు కిందికి వచ్చింది. కొస మాత్రమే కాదు, తాడు మొత్తం వచ్చి నీళ్ళలో పడింది.

"ఒరే! మద్దిలేటీ!"

"అన్నా," పైనుంచి గొంతు వినిపించింది, "వదినను నేను చూసుకుంటాలే!"

ఓబులేసు కూలబడ్డాడు. తొందరపడి వీడి తమ్ముడి చేతికి మూడు ప్రాణాలిచ్చానని కాత్యాయనికి చెంప చెళ్ళుమన్నట్టయింది. కానీ టార్చి వెలుగులో ఒడ్డు బురద కనిపించగానే ఆ మాట మరిచిపోయింది. కణుజు దుప్పి గిట్టల జాడలు. ఎలుగు పాదం. పక్కన అరచేయంత పులి అడుగు, అందులోకి ఇంకా నీరు ఊరుతోంది.

"ఈదమ్మా, ఇవేవీ తాడు పట్టుకుని దిగలేదుగా!"

"లేదు మేడం. ఇంకో వాకిలుంది. పదండి!"

అడుగులు బండల మధ్య ఒక సందులోకి దారి తీశాయి. వంగి, తర్వాత పాకి వెళ్ళారు. ముందు ఎక్కడో సన్నగా వెలుతురు. వెనక ఓబులేసు రెండో పెట్టెను ఈడ్చుకొస్తున్నాడు. ఉన్నట్టుండి ఘాటైన వాసన కొట్టింది. ఆ వెలుతురు ఆరిపోయింది. ఎదురుగా ఏదో దారి నిండా నిలబడి గుర్రుమంది.

"పక్కకు! గోడలోకి ఒదగండి!" ఈదమ్మ బుసకొట్టినట్టు అంది.

ఇద్దరూ గోడలోని రాతి గూటిలోకి ఒదిగారు. ఓబులేసు మాత్రం పెట్టెతో సందుకు అడ్డంగా ఇరుక్కున్నాడు.

"పెట్టె వదులు!"

"వదల్లేను మేడం..."

"వదలరా మొద్దూ! దాని దారిలో ఉన్నావు!"

చేతులు వదిలేశాడు. ఈదమ్మ అతని జుట్టు పట్టి లోపలికి లాగింది. పెట్టె జారి నేలలోని పగులులోకి పోయింది. పులి వాళ్ళ మోకాళ్ళను రాసుకుంటూ నింపాదిగా నీళ్ళ వైపు నడిచింది.

ముగ్గురూ బయటపడి చూస్తే ఎండుకోన నడిబొడ్డున ఉన్నారు. కాత్యాయని వైర్‌లెస్‌లో చెక్‌పోస్టుకు చెప్పింది. సాయంత్రానికల్లా మద్దిలేటి పెట్టెతో సహా దొరికాడు.

మర్నాడు సమావేశంలో పైవాళ్ళలో పెద్దాయన ఫొటోలు పక్కకు నెట్టేశాడు. "ఇంకా రెండు పెట్టెలున్నాయటగా! నిధి ఉందని రాయండి. రేపే కాపలా వస్తుంది."

"రాయను సార్. ఆ పెట్టెలు తీసుకెళ్ళిన రోజే కాపలా కూడా వెళ్ళిపోతుంది. వాటి సంగతి చూసే శాఖకు నిన్ననే చెప్పాను. ఈ పటంలో నీళ్ళున్నాయని రాస్తాను. పులి దారి అని రాస్తాను."

"నా మాట కాదంటున్నారా?"

"కాదంటున్నాను."

తలుపు దగ్గర నిలబడ్డ ఈదమ్మ గొంతు సవరించుకుంది. "సారూ, ఆ గీత లోపల మా గూడెం కూడా ఉంటాది. పులే మమ్మల్ని పోనిచ్చింది. మీరు తోలేస్తామంటే మేం కదలం."

కాత్యాయని కలం తీసింది. ఎండుకోన చుట్టూ లావుగా గీత గీసింది. లోపల చెంచుగూడేన్ని గుర్తుపెట్టి పేరు రాసింది. కింద సంతకం చేసి, పటాన్నీ కలాన్నీ ఆయన ముందుకు జరిపింది.

"వద్దనుకుంటే మీ చేత్తోనే కొట్టెయ్యండి సార్. ఎందుకు కొట్టేశారో పక్కన రాయండి."

పెద్దాయన కలం వైపు చూశాడు. దాన్ని ముట్టుకోలేదు; గీత అలాగే ఉండిపోయింది.